ఇంపోర్ట్ కూలి

కాశీబుగ్గలో, రైలు గేటుకి ఇవతల,
మా జీడి ఫ్యాక్టరీ ఆఫీసు గదిలో
ఫ్యాను వేస్తే లెడ్జరు కాగితాలు లేచిపోతాయి,
ఆపితే బాయిలర్ పొగ కళ్ళలో దూరుతుంది.
పొగలోనే నేర్చుకున్నాను పైథాన్.

మూడు షెడ్లకి మూడు ఫైళ్ళు.
మూడింట్లోనూ అవే పద్నాలుగు వరుసలు:
కిలోలు ఇన్ని, రేటు ఇంత,
అడ్వాన్సు తీసేస్తే చేతికింత.
ఒకదాంట్లో రాసి మిగతా రెండింట్లో అతికించేను,
ఒకే పాత చీర చింపి
మూడు దిళ్ళకి గలీబులు కుట్టినట్టు.

ఉగాది వెళ్ళేక రేటు
పద్దెనిమిది నించి ఇరవై అయింది.
రెండు ఫైళ్ళలో మార్చేను.
మూడోది తెరిచే వేళకి ఫోనొచ్చింది.

శనివారం సాయంత్రం గుమ్మంలో దాలమ్మ.
జీడినూనెకి నల్లబడ్డ వేళ్ళు
బల్ల మీద పెట్టి ఒక్కొక్కటీ మడిచింది.
"అరవై ఒక్క కేజీలు ఒలిసినాను పాపా.
నూటిరవై రెండు రూపాయిలు తక్కువొచ్చినాయి.
మిసను తిన్నాదా? నువ్వు తిన్నావా?"

ఆ రాత్రి ఫోన్లో నవ్వేడు
టెక్కలి పాలిటెక్నిక్‌లో చదివే మా పిన్ని కొడుకు హేమగిరి.
"ఒకే మాట మూడు చోట్ల రాస్తే
మూడు చోట్లా మర్చిపోవచ్చక్కా.
ఒక్క చోట రాయ్.
కావాల్సినోడు పిలుచుకుంటాడు."

అలా పుట్టింది 'కూలి'.
తెలుగు పేరు ఒప్పుకోదనుకున్నాను.
కొమ్ముదీర్ఘంతో, గుడితో సహా
కిక్కురుమనకుండా తీసుకుంది.
పద్నాలుగు వరుసలూ అందులోకి చేర్చి
మూడు ఫైళ్ళ నెత్తినా ఒకే మాట పెట్టేను:
ఇంపోర్ట్ కూలి.

రాయగానే నడిచిందని చెప్పను.
అలాంటి మాడ్యూలే లేదంది.
డౌన్‌లోడ్స్‌లో దాన్ని వదిలేసి
షెడ్ల ఫోల్డర్లో వెతికిస్తున్నాను మరి,
పలాసలో దిగే మనిషి కోసం
సోంపేట స్టేషన్లో ఆటో ఆపుకున్నట్టు.

తారీఖుల కోసం ఇంకోటి రాసి
ఇంగ్లీషులో 'క్యాలెండర్' అన్నాను.
పైథాన్ ఇంట్లో ముందే ఒక క్యాలెండర్ ఉందని నాకేం తెలుసు!
దాన్ని పిలిస్తే నాదే పలికింది.
రెండో షెడ్లో నిలబడి గున్నమ్మా అని కేకేస్తే
మూడో షెడ్డు గున్నమ్మ ఎందుకొస్తుంది?
దగ్గరున్నదే తలెత్తుతుంది.
నా దాన్ని 'రోజులు' చేసేక గాని గొడవ తీరలేదు.

సరిచూసుకుందామని
'కూలి' అడుగున ఒక వరుస ఉంచేను:
దాలమ్మ, అరవై ఒకటి.
ఇంక ఏ షెడ్డు లెక్కకి పిలిచినా
ముందు తెర మీద పన్నెండొందల ఇరవై.
ఒకటో షెడ్డుకీ దాలమ్మే.
రెండోదానికీ దాలమ్మే.
పక్క మీద పడుకున్నాక కూడా.

దానికో షరతు చెప్పేడు హేమగిరి.
"తనంతట తను నడిస్తే దాని పేరు మెయిన్.
వేరేవాళ్ళు పిలిస్తే వచ్చినప్పుడు
దాని పేరు కూలి.
మెయిన్ అయితేనే అడుగు వరుస చదవమను.
లేకపోతే నోరు మూసుకుని పని చెయ్యమను."

రాసేను. బాగానే నడిచింది.
ఆ రెండు వరుసల దగ్గరే చాలాసేపు కూచున్నాను.
ఆదివారాలు దాలమ్మ తన పెరట్లో
గిన్నెలు తోముకుంటూ వీధంతా వినబడేలా
ఎవర్నో ఒకర్ని కడిగేస్తుందట.
ఆ గొంతు నేను షెడ్లో ఎప్పుడూ వినలేదు.

మూడో షెడ్లో ముప్పై నలుగురికి తక్కువిచ్చేను.
అడిగింది ఒక్కర్తే.
'కూలి'లోనే ఇంకో ఫంక్షన్ రాసేను,
పేరు 'బాకీ'.

మళ్ళీ శనివారం
నూట ఇరవై రెండూ వేరే కవర్లో పెట్టి ఇచ్చేను.
బొటనవేలు కణుపుల మీద నడిపించి
రెండుసార్లు లెక్క చూసుకుంది.
"మిసను కక్కీసినాదేటి?" అంది.
"కక్కీసింది" అన్నాను.

వెళ్ళేక చూస్తే
కీబోర్డు పక్కన బల్ల మీద
నల్లగా ఒక వేలిముద్ర.
జీడి మరక.
తుడిస్తే పోయేది కాదు.